విదేశీ కస్టమర్ చీర వెనక్కి పంపుతానంటే ఏం చేయాలి?

"జర్మనీలో ఉండే ఒకావిడ పట్టుచీర తీసుకుంది. అందిన వారానికి వద్దంటోంది. చీరలో చిన్న లోపం కూడా లేదు. డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందేనా?" ధర్మవరం చీరలు, నిమ్మలకుంట తోలుబొమ్మల ల్యాంప్‌షేడ్లు, ఆళ్లగడ్డ రాతి విగ్రహాలు ఇన్‌స్టాలోనో సొంత వెబ్‌సైట్‌లోనో అమ్మేవాళ్లు పదేపదే అడిగేది ఇదే.

జర్మనీ అయితే ఇవ్వాల్సిందే. అదే ఆవిడ సిడ్నీలో ఉంటే, మనసు మారిందన్నంత మాత్రాన చట్టప్రకారం ఇవ్వక్కర్లేదు. డాలస్‌లో ఉంటే మీ రిటర్న్ పాలసీలో ఏం రాసుకున్నారో అదే లెక్క. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని కారణం లేకుండా తిప్పి పంపే చట్టబద్ధమైన హక్కు లేదు కాబట్టి, అక్కడా లేదనుకుని చాలామంది దెబ్బ తింటున్నారు. డబ్బు పోయేది కూడా రిటర్న్ వచ్చినప్పుడు కాదు. అమ్మే ముందు రాయాల్సిన రెండు వాక్యాలు రాయనందుకు, పార్సిల్ పంపేటప్పుడు తీసుకోవాల్సిన కాగితం తీసుకోనందుకు పోతుంది. అందుకే కింది మెట్లలో సగం అమ్మకానికి ముందువే.

దగ్గర ఉండాల్సినవి

- ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతులకు తీసుకునే కోడ్), జీఎస్‌టీ ఉంటే ఆ ఏడాది ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం)
- వెబ్‌సైట్‌లో రిటర్న్ పాలసీ పేజీ, ఆర్డర్ ఖరారైనప్పుడు దానంతటది వెళ్లే ఈమెయిల్
- గ్రాముల్లో చూపే తూకం, మంచి వెలుతురులో ఫోటోలు తీసే ఫోను
- ప్రతి పార్సిల్‌కూ పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ లేదా కొరియర్ షిప్పింగ్ బిల్ కాపీ (కింద ఎగుమతి బిల్లు అన్నది దీన్నే)
- ఒక రిజిస్టర్. ఎక్సెల్ అయినా సరే, గళ్ల పుస్తకమైనా సరే

1. ఏ దేశాలకు అమ్ముతున్నారో తేల్చుకోండి

"ప్రపంచమంతా పంపుతాం" అని గొప్పగా రాసుకుంటే ప్రపంచంలోని చట్టాలన్నీ నెత్తికెక్కుతాయి. గత ఏడాది ఆర్డర్లు తీసి చూడండి. నాలుగైదు దేశాలే ఉంటాయి. మిగతావి చెక్అవుట్‌లోంచి తీసేయండి.

"అన్ని వివాదాలూ అనంతపురం కోర్టు పరిధికే లోబడి ఉంటాయి" అని పేజీ అడుగున పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. యూరప్ కొనుగోలుదారు మీద ఆ వాక్యం పనిచేయదు. మీరు ఆ దేశం వైపు గురిపెట్టి అమ్ముతున్నారా లేదా అన్నదే అక్కడ చూస్తారు. ధరలు యూరోల్లో చూపడం, దేశం కోడ్‌తో ఫోన్ నంబరు ఇవ్వడం, ఆ దేశంలోని వాళ్లకు ప్రకటనలు వేయడం, అక్కడి భాషలో పేజీ పెట్టడం, ఇవన్నీ గురి కిందికే వస్తాయని యూరప్ న్యాయస్థానం 2010లోనే చెప్పింది.

యూరప్‌కు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంకో అడ్డు ఉంది. 2024 డిసెంబర్ 13 నుంచి అమల్లో ఉన్న వస్తు భద్రత నిబంధన ప్రకారం, మీ వస్తువుకు యూరోపియన్ యూనియన్‌లో బాధ్యత వహించే వ్యక్తో సంస్థో ఉండాలి. అది కుదిరేదాకా యూరప్ ఆపేసుకుని బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలకే అమ్మడం చిన్న వ్యాపారికి తెలివైన పని.

2. దేశం వారీగా గీత ఎక్కడుందో రాసుకోండి

యూరోపియన్ యూనియన్: వస్తువు అందిన మర్నాటి నుంచి 14 రోజులు. కారణం చెప్పనక్కర్లేదు. వద్దని చెప్పాక తిప్పి పంపడానికి ఇంకో 14 రోజులు. లోపం ఉన్న వస్తువుకైతే వేరే లెక్క, దానికి కనీసం రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంటుంది.

బ్రిటన్: యూనియన్‌లోంచి బయటికొచ్చినా 14 రోజుల నియమం అలాగే ఉంది. లోపమున్న వస్తువైతే 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగొచ్చు.

అమెరికా: ఆన్‌లైన్ కొనుగోలుకు దేశమంతటికీ వర్తించే రిటర్న్ హక్కు లేదు. అక్కడ వినబడే "మూడు రోజుల" నియమం ఇంటికొచ్చి అమ్మేవాళ్లకు, ఆన్‌లైన్‌కు కాదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం పాలసీ ముందే కనబడేలా పెట్టమంటాయి. పెట్టకపోతే న్యూయార్క్‌లో 30 రోజుల్లోపు రిటర్న్ అడగొచ్చు, కాలిఫోర్నియాలోనూ దాదాపు అంతే. ఇంకో సంగతి. చెప్పిన గడువులోపు, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోపు సరుకు పంపాలి. ఆలస్యమైతే కస్టమర్‌కు చెప్పి, ఆగుతారా డబ్బు తీసుకుంటారా అని అడగాలి. మగ్గం మీద ఉన్న చీరకు ఆర్డర్ తీసుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. "6 వారాలు" అని ముందే రాస్తే ఆ గొడవ ఉండదు.

ఆస్ట్రేలియా: మనసు మారితే హక్కు లేదు. పెద్ద లోపముంటే మాత్రం డబ్బా, వేరే వస్తువా అన్నది కొన్నవాళ్ల ఇష్టం. "నో రిఫండ్" అని రాయడమే అక్కడ తప్పు. అమెరికా గేమ్ కంపెనీ వాల్వ్ అలాంటి మాటలే రాసుకున్నందుకు 2016లో అక్కడి కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. విదేశీ కంపెనీ అన్న సాకు పనిచేయలేదు.

ఇవన్నీ సొంత వాడకానికి కొన్నవాళ్లకే. లండన్‌లో చీరల షాపు నడిపే ఆయన 20 చీరలు బిల్లు మీద తీసుకుంటే ఆయన వ్యాపారి, 14 రోజుల హక్కు ఆయనకు రాదు. ఇన్వాయిస్‌లో షాపు పేరు, వ్యాట్ (అక్కడి పన్ను) నంబరు రాయించుకోండి.

3. పాలసీ రాయండి

అందంగా ఉండక్కర్లేదు, ఇవి ఉంటే చాలు. సొంత మాటల్లో, మామూలు ఇంగ్లీషులో రాసుకోండి.

- వస్తువు అందిన 14 రోజుల్లోపు ఈమెయిల్ చేసి రద్దు చేసుకోవచ్చు.
- మనసు మారి తిప్పి పంపితే రిటర్న్ ఖర్చు కొన్నవారిదే.
- చూడటానికి అవసరమైన దానికంటే ఎక్కువగా వాడితే, తగ్గిన విలువ మేరకు కోత ఉంటుంది.
- కొలతలకు కుట్టినవి, పేరు రాయించుకున్నవి రిటర్న్ లేదు.
- రిటర్న్ చిరునామా, ఈమెయిల్.

రెండో వాక్యం మరిచిపోతే యూరప్‌లో రిటర్న్ ఖర్చు మీ మీదే పడుతుంది. మొదటిది చెప్పకపోతే 14 రోజుల గడువు మరో 12 నెలలు సాగుతుంది. అంటే ఉగాదికి అమ్మిన చీర మళ్లీ ఉగాది నాటికి వెనక్కి రావచ్చు. ఇప్పటికే మరిచిపోయి ఉంటే పాత కస్టమర్లకు ఈరోజే ఆ సమాచారం ఈమెయిల్ చేయండి. అది చేరిన రోజు నుంచి 14 రోజులకు గడువు ముగుస్తుంది.

బరువైన శిల్పాలు అమ్మేవాళ్లు ఒక అడుగు ముందుకు వేయాలి. మామూలు పోస్టులో తిప్పి పంపలేని వస్తువైతే, రిటర్న్‌కు ఎంత అవుతుందో అంకె కూడా ముందే చెప్పాలి. "కొన్నవారే భరించాలి" అంటే సరిపోదు. ఆళ్లగడ్డ నుంచి నలభై కిలోల నంది ఫ్రాన్స్‌కు పోతోందంటే, కార్గో వాళ్ల దగ్గర వెనక్కి తెచ్చే రేటు కనుక్కుని ఆ పేజీలోనే వేయండి.

మినహాయింపుల దగ్గర జాగ్రత్త. కొలతలిచ్చి కుట్టించుకున్న బ్లౌజు, పిల్లాడి పేరు రాయించుకున్న తోలుబొమ్మ నిజంగానే మినహాయింపు. కస్టమర్ కోసమే చేసేదైతే పని ఇంకా మొదలుకాకపోయినా మినహాయింపే అని 2020లో యూరప్ న్యాయస్థానం చెప్పింది. కానీ మీరు చూపిన ఆరు రంగుల్లో ఒకటి ఎంచుకోవడం "కస్టమ్" కాదు. "ఒంటికి తగిలేది కాబట్టి పరిశుభ్రత దృష్ట్యా చీరలు వాపసు లేవు" అన్న వాక్యం కూడా నిలబడదు. ప్లాస్టిక్ కవరు విప్పిన పరుపునే బట్టల్లాగా శుభ్రం చేసి అమ్మొచ్చు, వాపసు తీసుకోవాల్సిందే అని 2019లో తీర్పు వచ్చింది. పరుపుకే లేని మినహాయింపు చీరకెక్కడిది?

4. అదే సమాచారం ఈమెయిల్‌లోనూ పంపండి

వెబ్‌సైట్ పేజీ ఒక్కటే ఉంటే యూరప్, బ్రిటన్ చట్టాలకు చాలదు. కస్టమర్ దాచుకోగలిగే రూపంలో ఉండాలి. ఆర్డర్ ఖరారు ఈమెయిల్‌లోనే పాలసీ మొత్తం అతికించి, రద్దు ఫారం నమూనా జత చేయండి. ఆ నమూనా యూరోపియన్ చట్టం అనుబంధంలోనే ఉంది, పది వరుసలు కూడా ఉండదు. కస్టమర్ ఆ ఫారమే వాడాలని పట్టుబట్టకూడదు. "నాకు ఈ చీర వద్దు" అని ఒక్క వరుస రాసినా రద్దు చేసినట్టే.

2026 జూన్ 19 నుంచి యూరప్‌కు అమ్మే వెబ్‌సైట్లలో రద్దు చేసుకునే బటన్ కూడా కనబడేలా ఉండాలి. పాత పాలసీలు కాపీ కొట్టినవాళ్ల పేజీల్లో యూరప్ ఆన్‌లైన్ వివాదాల వేదిక లింకు ఇంకా వేలాడుతుంటుంది. ఆ వేదిక 2025 జూలై 20న మూతపడింది, లింకు తీసేయండి.

5. ప్యాక్ చేసేటప్పుడే రుజువులు తయారు చేసుకోండి

ఒక్కో చీరకు పది నిమిషాలు పట్టే పని. బద్ధకించకండి.

చీర మడత విప్పి కొంగు, రెండు అంచులు, బ్లౌజు ముక్క, సిల్క్ మార్క్ లేబుల్ నంబరు విడివిడిగా ఫోటో తీయండి. గ్రాముల్లో తూకం రాయండి. అడుగు అంచు మూల నుంచి జానెడు లోపల మీ సొంత కోడ్ ఉన్న చిన్న గుడ్డ ట్యాగును నాలుగు వదులు కుట్లతో వేయండి. చీర కట్టుకోవాలంటే దాన్ని తీయాల్సిందే అన్నట్టు కనబడాలి. జరీ మీద మాత్రం సూది దించొద్దు, తర్వాత ఆ రంధ్రాలు మీవా వాళ్లవా అన్న గొడవొస్తుంది. "ట్యాగు తీయకుండా చుట్టుకుని అద్దంలో చూసుకోవచ్చు, ఫాల్ కుట్టించే ముందు నిర్ణయించుకోండి" అని ఒక చీటీ పెట్టండి.

ఆ ట్యాగు కోడ్, లేబుల్ నంబరు ఇన్వాయిస్ మీద కూడా ఉండాలి. తిరిగొచ్చిన చీర, మీరు పంపిన చీర ఒకటేనని కస్టమ్స్‌కు చూపేది ఈ అంకెలతోనే.

6. ఎగుమతిగానే పంపండి

పోస్టులో పంపితే మీ హెడ్ పోస్టాఫీసులో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం (ఎగుమతి పార్సిళ్లు చూసే విభాగం) ఉందేమో అడిగి, ఆన్‌లైన్‌లో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ వేయండి. కొరియర్ అయితే సీఎస్‌బీ-5 (అమ్మిన సరుకుకు వేసే కొరియర్ షిప్పింగ్ బిల్లు) కింద పంపమనండి. కౌంటర్‌లో "గిఫ్ట్ అని రాస్తే తొందరగా పోతుంది సార్" అంటారు. నిజంగానే తొందరగా పోతుంది. కానీ గిఫ్టుగానో శాంపిల్‌గానో సీఎస్‌బీ-4లో పోయిన చీర తిరిగొస్తే, అది మీరు ఎగుమతి చేసిందేనని చెప్పడానికి కాగితం ఉండదు. కొత్త దిగుమతిలాగా పూర్తి సుంకం కట్టాలి.

పార్సిల్ ఫారంలో "అందజేయలేకపోతే ఏం చేయాలి" అన్న గడి ఖాళీగా వదలొద్దు. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. సుంకం అడిగేసరికి గుమ్మం దగ్గరే వద్దనేవాళ్లుంటారు. ఖరీదైన చీరకు "వెనక్కి పంపండి", చవకైన వస్తువుకు "వదిలేయండి" అని ముందే టిక్ పెట్టండి. లేదంటే వెయ్యి రూపాయల కీచైనుకు మూడు వేల రిటర్న్ బిల్లు కొరియర్ వాళ్లు మీ మీద వేస్తారు.

7. "వద్దు" అని ఈమెయిల్ వచ్చిన రోజు

ముందు రిజిస్టర్‌లో నాలుగు తేదీలు రాయండి: వస్తువు అందిన తేదీ, ఈమెయిల్ వచ్చిన తేదీ, దానికి 14 రోజులు కలిపిన తేదీ, రీఫండ్ ఇచ్చిన తేదీ. ఒకే ఆర్డర్‌లో చీర ముందు, మామూలు బ్లౌజు తర్వాత రెండు పార్సిళ్లుగా పంపి ఉంటే, రెండోది అందిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

తర్వాత ఆ రోజే జవాబివ్వండి. అర్థం ఇలా ఉండాలి: "అమ్మా, మీ రద్దు మాకు అందింది. 14 రోజుల్లోపు ఈ చిరునామాకు పంపండి. కస్టమ్స్ ఫారంలో 'రిటర్న్డ్ గూడ్స్' గడి టిక్ చేయండి. మా ఇన్వాయిస్ నంబరు, ఎగుమతి బిల్లు నంబరు ఫారం మీద రాయండి. పంపిన రసీదు ఫోటో పెట్టండి."

ఆ గడి సంగతి చెప్పకపోతే నూటికి తొంభై మంది "గిఫ్ట్" అనో "అమ్మకం" అనో టిక్ పెడతారు. అక్కడితో మీ ఆరో మెట్టు కష్టమంతా వృథా.

కారణం ఏంటని అడగొచ్చు గానీ, చెబితేనే రీఫండ్ అనకూడదు. డబ్బుకు బదులు కూపన్ ఇస్తామంటే వాళ్లు ఒప్పుకోవాలి. బాక్సు చించి తెరిచారన్న వంకతో ఆపకూడదు. రీస్టాకింగ్ ఛార్జీ (మళ్లీ సరుకులో పెట్టే ఖర్చు) అని కొత్త పేరుతో కోత పెట్టకూడదు.

8. తెప్పించుకోవాలా, వదిలేయాలా?

₹3,500 ల్యాంప్‌షేడ్‌ను యూరప్ నుంచి రప్పించడంలో అర్థం లేదు, మడతలుపడి చేరుతుంది కూడా. అలాంటివాటికి మూడు దారులు. ఒకటి, వస్తువు ఉంచుకోండి, సగం డబ్బు వెనక్కి ఇస్తామని అడగడం. వాళ్లు ఇష్టపడితేనే, వద్దంటే పూర్తిగా ఇవ్వాలి. రెండు, వాళ్లనే వేరేవాళ్లకు ఇచ్చేయమని చెప్పి రీఫండ్ ఇచ్చేయడం. మూడు, అక్కడున్న బంధువుల ఇంటి చిరునామా రిటర్న్‌కు ఇచ్చి, నాలుగైదు పోగయ్యాక ఒకేసారి తెప్పించడం లేదా అక్కడే మళ్లీ అమ్మడం. డాలస్‌లోనో లండన్‌లోనో పెద్దనాన్న కొడుకు లేని ఇల్లు మన వైపు తక్కువే గదా. అయితే ఆ ఇంట్లోవాళ్లు అందిన రోజే పెట్టె విప్పి ఫోటోలు పంపాలి. వాళ్ల చేతికి అందిన రోజే మీకు అందినట్టు లెక్క.

అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లో అమ్మితే ఈ ఎంపిక అంతా మీ చేతిలో ఉండదు. అక్కడి చిరునామానో, ఉచిత రిటర్న్ లేబులో, వస్తువు అడగకుండా రీఫండో ఇమ్మంటారు. చట్టం కంటే ముందు వాళ్ల నియమాలు చదవండి.

9. తిరిగొచ్చిన చీరను చూసే పద్ధతి

పెట్టె తెరవడం వీడియో తీయండి. ముందు తూకం వేయండి, పంపినప్పటి అంకెతో పోల్చండి. ట్యాగు, దాని కుట్లు మీవేనా? ఇక పగటి వెలుతురులో అడుగు అంచు వెంట చూపుడువేలు జరుపుతూ వెళ్లండి. ఫాల్ కుట్టి విప్పితే వరుసగా సన్నటి రంధ్రాలు తగులుతాయి. భుజం మీద పిన్ను పెట్టే చోట, అంటే కొంగు మొదట్లో, పోగులు జరిగాయా? నడుము దగ్గర కుచ్చిళ్ల మడతలు గట్టిగా పడ్డాయా? పసుపు, కుంకుమ, సెంటు వాసన చూడండి.

మడత విప్పి చుట్టుకుని చూడటం వాళ్ల హక్కు, దానికి కోత వేయలేరు. ఫాల్ కుట్టించినా, పెళ్లికి కట్టుకెళ్లినా, ఉతికినా కోత వేయొచ్చు. ఎంత తగ్గిందో, ఎందుకో ఫోటోలతో చెప్పాలి. మూడో మెట్టులోని మొదటి వాక్యం, అంటే రద్దు హక్కు సంగతి, చెప్పకపోయి ఉంటే ఈ కోత హక్కు కూడా ఉండదు.

10. రీఫండ్ లెక్క

చీర ₹14,000. మామూలు డెలివరీ ₹2,200 ఉండగా కస్టమర్ ₹3,800 ఎక్స్‌ప్రెస్ ఎంచుకున్నారనుకుందాం. యూరప్, బ్రిటన్‌లకు ఇవ్వాల్సింది 14,000 + 2,200 = ₹16,200. ఎక్స్‌ప్రెస్ కోసం ఎక్కువ కట్టిన ₹1,600 ఇవ్వక్కర్లేదు. ఫాల్ రంధ్రాలకు ₹4,000 కోత న్యాయమనిపిస్తే ₹12,200. చాలామంది మొదటి డెలివరీ ఛార్జీ ఇవ్వరు, అది తప్పు.

కట్టిన దారిలోనే, కట్టిన కరెన్సీలోనే తిరిగివ్వాలి. మారకం తేడా, గేట్‌వే కమీషన్ మీ నష్టం. సుంకం కూడా కలిపి మీరే వసూలు చేసి ఉంటే అదీ ఇవ్వాలి. కస్టమర్ నేరుగా అక్కడి కస్టమ్స్‌కు కట్టి ఉంటే అది వాళ్లు అక్కడే అడుక్కోవాలి. చీర చేరేదాకా రీఫండ్ ఆపొచ్చు గానీ, పంపిన రసీదు ముందే చూపితే ఆపకూడదు. ఆ రసీదు పెట్టమని ఏడో మెట్టులో అడిగింది మీరే, కాబట్టి అది వచ్చిన రోజే డబ్బు సిద్ధం చేసుకోండి.

మీరు బదులివ్వకపోతే వాళ్లు బ్యాంకులో ఫిర్యాదు చేస్తారు. పేపాల్‌లో 180 రోజుల దాకా వివాదం వేయొచ్చు. అక్కడ ఓడితే డబ్బూ పోతుంది, చీరా రాదు, పైన ఫీజు.

11. మన దేశంలోకి వచ్చేటప్పుడు, ఆ తర్వాత పుస్తకాల్లో

2017 జూన్ 30 నాటి 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ ప్రకారం, ఎగుమతి చేసిన వస్తువు మూడేళ్లలోపు తిరిగొస్తే మామూలు దిగుమతి సుంకం పడదు. కానీ ఎగుమతిలో పొందిన లాభం వెనక్కి కట్టాలి. ఐజీఎస్‌టీ (ఎగుమతి, దిగుమతులకు పడే జీఎస్‌టీ) రీఫండ్, డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు తిరిగిచ్చే సుంకం) తీసుకుని ఉంటే అవి. ఎల్‌యూటీ మీద పన్ను కట్టకుండా పంపి ఉంటే ఆ ఐజీఎస్‌టీ. ₹14,000 చీరకు 5 శాతం లెక్కన ₹700. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) తీసుకుంటే ఆ పన్నును క్రెడిట్‌గా వాడుకోవచ్చు. కొరియర్ వాళ్లకు ముందే ఎగుమతి బిల్లు, ఇన్వాయిస్, ఫోటోలు ఈమెయిల్ చేసి "ఇది రీ-ఇంపోర్ట్" అని చెప్పండి. సుంకం కట్టేశాక చెబితే వెనక్కి రప్పించుకోవడం నరకం.

జీఎస్‌టీలో క్రెడిట్ నోట్ (ఇన్వాయిస్ మొత్తాన్ని తగ్గించే పత్రం) వేసి, జీఎస్‌టీఆర్-1లో 9బీ పట్టికలో రిజిస్ట్రేషన్ లేనివారి కింద, ఎగుమతి రకం ఎంచుకుని చూపాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దానికి ఆఖరు. బ్యాంకులో ఆ ఎగుమతి బిల్లు డబ్బు రానట్టు పెండింగ్‌లో కనబడుతుంది. రీఫండ్ రుజువు, రిటర్న్ కాగితాలు ఇచ్చి మూయించండి. ₹10 లక్షల లోపు బిల్లులను ఎగుమతిదారు డిక్లరేషన్ మీదే మూయొచ్చని ఆర్‌బీఐ 2025 అక్టోబర్‌లో చెప్పింది. బ్రాంచిలో తెలియదంటే ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్లండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి

బ్రిటన్‌లో ఉన్న ఎవరినైనా అడిగి, తక్కువ ధర వస్తువు ఒకటి నిజంగానే ఆర్డర్ పెట్టించి, అందాక రద్దు చేయమనండి. ఈమెయిల్‌లో పాలసీ, ఫారం రెండూ వచ్చాయా? డబ్బు కట్టే బటన్ నొక్కే ముందు "రిటర్న్ ఖర్చు కొన్నవారిదే" అన్నది ఫోను తెరమీద కనబడిందా, లేక ఎక్కడో అడుగున దాక్కుందా? రద్దు మెయిల్ మీ స్పామ్‌లో పడిందా? ఇది తరచూ జరుగుతుంది, 14 రోజులు మీకు తెలియకుండానే గడిచిపోతాయి. రోజూ ఉదయం స్పామ్ ఫోల్డర్ తెరవండి.

తర్వాత రిజిస్టర్‌లో ఏదో ఒక పాత ఆర్డర్ మీద వేలు పెట్టి, దాని ట్యాగు కోడ్, తూకం, ఎగుమతి బిల్లు నంబరు, ఫోటోలు వెతకండి. ఐదు నిమిషాల్లో నాలుగూ దొరకాలి. దొరకకపోతే తప్పు ఐదో మెట్టులోనో ఆరో మెట్టులోనో ఉంది. రేపటి పార్సిల్ కట్టే ముందే సరిచేసుకోండి.